టెలోమియర్లు: క్రోమోజోమ్ కొసలు, సింగపూర్ పరిశోధనలు

మనిషి కణంలో 46 క్రోమోజోములు, వాటికి 92 కొసలు. ప్రతి కొసలోనూ టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల డీఎన్ఏ వరస వందల సార్లు, ఒక్కోచోట రెండు వేల సార్లు, మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ వరసనూ, దాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్లనూ కలిపి టెలోమియర్ అంటారు. ప్రొటీన్ల తయారీకి కావలసిన సమాచారమేదీ ఇందులో ఉండదు. పట్టుచీర పైట కొసన పోగులు ఊడిపోకుండా కుచ్చులు కట్టినట్టు, లోపలి జన్యువులు చెదిరిపోకుండా చూడడమే దీని పని. కణం విభజన చెందినప్పుడల్లా ఈ కొస కొంత అరుగుతుంది. బాగా అరిగితే కణం విభజన మానేస్తుంది. వార్ధక్యంలో దీని పాత్ర అక్కడ మొదలవుతుంది. అరుగుదలను ఆపుకునే ఉపాయం దొరికిన కణానికి మాత్రం విభజనకు హద్దు ఉండదు. కేన్సర్‌లో జరిగేది అదే.

ఈ రంగానికి పునాదులు అమెరికా, రష్యా ప్రయోగశాలల్లో పడ్డాయి. సింగపూర్ ఆలస్యంగా వచ్చి చేరింది, కానీ చేరిన తీరు గమనించదగ్గది. క్రోమోజోమ్ కొస ఆకారాన్ని అణువుల స్థాయిలో చూసేవాళ్లు, కేన్సర్ కణంలో దాన్ని పెంచే జన్యువును వెంటాడేవాళ్లు, వేలాది మంది రక్తంలో దాని పొడవు కొలిచేవాళ్లు అందరూ ఒక గంట మెట్రో రైలు ప్రయాణం దూరంలోనే ఉంటారు. జురాంగ్‌లో నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం, బోనవిస్టాలో 2003లో తెరిచిన బయోపోలిస్, కెంట్ రిడ్జ్‌లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం, ఔట్రమ్‌లో డ్యూక్-ఎన్‌యూఎస్ వైద్య కళాశాల. దేశానికీ ఈ ప్రశ్న పైపైది కాదు. సింగపూర్ పౌరుల్లో సుమారు అయిదో వంతు మంది ఇప్పటికే 65 ఏళ్లు దాటారు.

కొస ఎందుకు అరుగుతుంది

క్రోమోజోమ్ కొసకు ఏదో ప్రత్యేకత ఉందని మొదట పసిగట్టినవాళ్లు ఇద్దరు. పండ్ల ఈగల మీద ఎక్స్-కిరణాలు ప్రయోగించిన హెర్మన్ మల్లర్, విరిగిన క్రోమోజోములు తిరిగి అతుక్కుంటాయి కానీ సహజమైన కొసలు అతుక్కోవని చూసి, 1938లో వాటికి టెలోమియర్ అని పేరు పెట్టారు. మొక్కజొన్న మీద పనిచేస్తున్న బార్బరా మెక్లింటాక్ దాదాపు అదే కాలంలో, కొసలు పోయిన క్రోమోజోములు ఒకదానితో ఒకటి అతుక్కుని, విభజనలో మళ్లీ తెగి, మళ్లీ అతుక్కునే చక్రాన్ని గమనించారు. కేన్సర్ దగ్గర ఈ చక్రం మనకు మళ్లీ ఎదురవుతుంది.

అరుగుదల సంగతి తర్వాత తేలింది. 1961లో ఫిలడెల్ఫియాలో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మనిషి కణాలను గాజు పాత్రలో పెంచుతూ, అవి 40 నుంచి 60 సార్లు రెట్టింపయ్యాక ఆగిపోతున్నాయని చూపారు. ఎందుకు ఆగుతున్నాయో చెప్పినవాడు అలెక్సీ ఒలొవ్నికోవ్ అనే రష్యన్. మాస్కో మెట్రో స్టేషన్‌లో నిలబడి ఉండగా ఆయనకు ఆ ఆలోచన తట్టిందంటారు. డీఎన్ఏను నకలు తీసే ఎంజైమ్ ఒకే దిశలో నడుస్తుంది, మొదలుపెట్టడానికి చిన్న ఆర్ఎన్ఏ ముక్క కావాలి. చిట్టచివరి ముక్కను తీసేశాక ఆ ఖాళీ నింపే మార్గం లేదు. పైగా కణం తానే కొసలో ఒక పోగును కొంత కొరికి, రెండో పోగు బయటికి పొడుచుకుని ఉండేలా చేస్తుంది. ఒలొవ్నికోవ్ దీన్ని 1971లో రాశారు. మరుసటి ఏడాది జేమ్స్ వాట్సన్ కూడా, రష్యన్ పని తెలియకుండానే, నకలు తీయడంలోని ఈ చిక్కును ఎత్తి చూపారు.

ప్రయోగశాలలో పెంచిన మానవ కణాల్లో ఒక్కో విభజనకు 50 నుంచి 200 అక్షర జతల డీఎన్ఏ పోతుంది. పుట్టినప్పుడు మన టెలోమియర్లు సుమారు పది వేల జతలు, అంతకు కొంచెం పైన ఉంటాయి. పెద్దల తెల్ల రక్తకణాల్లో ఏడాదికి సగటున 20 నుంచి 30 జతలు తరుగుతాయి. ఈ లెక్కన నూరేళ్లు బతికినా కొసలు పూర్తిగా అయిపోవు. అయితే సగటు మీద ఆధారపడడం తప్పని 2001లో కరోల్ గ్రైడర్ బృందం చూపింది. కణం ఆగిపోయేది సగటు పొడవును బట్టి కాదు, అన్నిటిలోకీ పొట్టి కొసను బట్టి. 92లో కొన్ని పొట్టిబడినా చాలు.

అందుకే ఒక్కో కొసనూ విడిగా కొలిచే పద్ధతులకు విలువ. ఫ్లోరసెంట్ గుర్తులతో ప్రతి క్రోమోజోమ్ కొస మెరుపును లెక్కించే క్యూ-ఫిష్ విధానం వాటిలో ఒకటి. కొసలను తిరిగి పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమ్ లేని ఎలుకల కణాల్లో కొసలు తరిగేకొద్దీ క్రోమోజోములు ఎలా అస్థిరమవుతాయో ఈ విధానంతో చూపిన 1999 నాటి పత్రానికి మొదటి రచయిత ప్రకాశ్ హండే. ఆయన తర్వాత సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో జీనోమ్ స్థిరత్వం మీద ప్రయోగశాల నెలకొల్పి, రేడియేషన్, విష రసాయనాలు కొసలను ఏం చేస్తాయో పరిశీలించారు.

కొసను దాచే ఏర్పాటు

డీఎన్ఏ తెగితే కణం వెంటనే గుర్తుపట్టి అతికిస్తుంది. క్రోమోజోమ్ సహజమైన కొస కూడా తెగిన చోటులాగే కనిపిస్తుంది కనుక, దాన్ని ఆ మరమ్మతు యంత్రాంగం కంట పడకుండా దాచాలి. ఆ పనికి ఆరు ప్రొటీన్ల గుంపు ఉంది: టీఆర్ఎఫ్1, టీఆర్ఎఫ్2, పాట్1, టీపీపీ1, టిన్2, ర్యాప్1. టిటియా డి లాంగే 2005లో ఈ గుంపుకు షెల్టరిన్ అని పేరు పెట్టారు. 1999లోనే ఆమె, జాక్ గ్రిఫిత్ కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద, కొస వెనక్కి తిరిగి తనలోనే దూరి ఉచ్చులా ముడిపడి ఉండడం చూపారు. బయటికి పొడుచుకున్న పోగు అలా లోపలికి పోతే, మరమ్మతు యంత్రాంగానికి చూడడానికి కొసే ఉండదు.

మరి ఆ ఉచ్చులోని డీఎన్ఏ ఎలా చుట్టుకుని ఉంది? క్రోమోజోమ్ మిగతా భాగాల్లో డీఎన్ఏ హిస్టోన్ ప్రొటీన్ల ఉండల చుట్టూ చుట్టుకుని, ఉండకూ ఉండకూ మధ్య కొంత జాగా వదులుతుంది. ఆ ఉండలనే న్యూక్లియోసోమ్‌లంటారు. నాన్యాంగ్ విశ్వవిద్యాలయంలో లార్స్ నార్డెన్‌షోల్డ్, డేనియెలా రోడ్స్, అఘిల్ సోమన్ తదితరులు నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రవేత్తలతో కలిసి చేసిన పని 2022లో నేచర్‌లో వచ్చింది. టెలోమియర్ దగ్గర ఆ జాగా దాదాపు లేదని వాళ్లు చూపారు. ఒక్కో న్యూక్లియోసోమ్ వంతుకు సుమారు 132 జతల డీఎన్ఏ మాత్రమే. న్యూక్లియోసోమ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చిన నిలువు స్తంభంలా నిలబడితే, డీఎన్ఏ తెగకుండా ఆ స్తంభం చుట్టూ ఒకే మెలికగా సాగుతుంది. ఈ అమరికలో డీఎన్ఏ దట్టంగా ఒదిగి ఉంటూనే బయటివైపు తెరిచి ఉంటుంది. అందువల్ల దెబ్బ తగలడమూ తేలికే, దెబ్బను గుర్తించే ప్రొటీన్లు చేరుకోవడమూ తేలికే. స్తంభంలో ఒక న్యూక్లియోసోమ్ అప్పుడప్పుడు వరస తప్పి బయటికి తిరిగే స్థితి కూడా ఉంది. నా దృష్టిలో సింగపూర్ నుంచి ఈ రంగానికి వచ్చిన పనుల్లో ఎక్కువ కాలం నిలిచేది ఇదే. మిగతా ఫలితాల అర్థం మీద వాదాలు సాగుతాయి, మారుతాయి. ఆకారం కంటికి కనిపించాక ప్రతి సిద్ధాంతమూ దానితో పొత్తు కుదుర్చుకోవాల్సిందే.

అదే విశ్వవిద్యాలయంలో వియత్నాంలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త ఫాన్ ఆన్ తువాన్ బయటికి పొడుచుకున్న పోగు సంగతి తీసుకున్నారు. అందులో గ్వానిన్ ఎక్కువ. నాలుగేసి గ్వానిన్లు చదరంగా కూడి, ఆ చదరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే జీ-క్వాడ్రుప్లెక్స్ అనే గట్టి ముడి ఏర్పడుతుంది. న్యూయార్క్‌లో దిన్షా పటేల్‌తో ఉన్నప్పటి నుంచీ ఆయన ఈ ముడుల రూపాలను ఎన్ఎంఆర్ పద్ధతిలో తేలుస్తూ వచ్చారు. ఆ ముడిని బిగించే మందు దొరికితే టెలోమరేజ్‌కు పట్టు దొరకదన్న ఆశ ఈ పరిశోధన వెనక ఉంది. ఇప్పటికి అది ఆశగానే ఉంది.

పొడవును పెంచే ఎంజైమ్

1984 క్రిస్మస్ రోజున, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ దగ్గర పరిశోధక విద్యార్థినిగా ఉన్న కరోల్ గ్రైడర్ టెట్రహైమినా అనే చెరువు నీటి ఏకకణ జీవిలో టెలోమరేజ్ ఆనవాలు చూశారు. బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్ 2009లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. టెలోమరేజ్‌లో రెండు ముఖ్య భాగాలు. టెర్క్ అనే ఆర్ఎన్ఏ, అందులో కొస వరసకు అచ్చు ఉంటుంది. టెర్ట్ అనే ప్రొటీన్, ఆ అచ్చు చూసి డీఎన్ఏ రాస్తుంది. ఒక పోగును టెలోమరేజ్ పొడిగించాక, ఎదుటి పోగును నింపే బాధ్యత సీఎస్‌టీ అనే ప్రొటీన్ల ముఠాది.

పిండంలో, వీర్యకణాల మూలకణాల్లో, కొంతమేరకు రక్తం, చర్మం, పేగుల మూలకణాల్లో టెలోమరేజ్ పనిచేస్తుంది. మిగతా ఒంటి కణాల్లో టెర్ట్ జన్యువు మూతబడి ఉంటుంది. 1998లో మామూలు మానవ కణాల్లోకి టెర్ట్‌ను చొప్పిస్తే అవి హేఫ్లిక్ హద్దు దాటి పెరిగాయి. ముసలితనానికి మందు దొరికిందని పత్రికలు హడావుడి చేసింది అప్పుడే.

పెంచే యంత్రం ఉన్నట్టే కుదించే యంత్రమూ ఉంది. సింగపూర్ కేన్సర్ విజ్ఞాన సంస్థలో డెనిస్ కప్పై, ఆయన జర్మన్ సహచరులు 2017లో జెడ్‌బీటీబీ48 అనే ప్రొటీన్ నేరుగా టెలోమియర్‌ను పట్టుకుంటుందని ప్రచురించారు. అది లేని కణాల్లో కొసలు సాగుతాయి. అదే ఏడాది అమెరికాలోని మరో బృందం కూడా ఈ ప్రొటీన్‌నే, మరీ పొడుగైన కొసలను కత్తిరించేదిగా వర్ణించింది. పొడవుకు పైహద్దు పెట్టడానికి కణం ఇంత తాపత్రయపడుతోందంటే, పొడుగు కొసలు ఎంతైనా మంచివేనన్న ప్రచారాన్ని అక్కడే అనుమానించాలి.

వార్ధక్యం

కొసలు తొందరగా తరిగే పుట్టుకతో వచ్చే జబ్బులు ఈ విషయంలో గట్టి సాక్ష్యం. డిస్కెరటోసిస్ కంజెనిటాలో గోళ్లు పాడవుతాయి, నోట్లో తెల్లమచ్చలు వస్తాయి, ఎముక మజ్జ రక్తం తయారు చేయడం మానేస్తుంది. చాలామందిలో టెలోమరేజ్ జన్యువుల్లో లోపాలే దీనికి కారణం. ఊపిరితిత్తులు పీచుకట్టి గట్టిపడే ఫైబ్రోసిస్ కొన్ని కుటుంబాల్లో టెర్ట్, టెర్క్ లోపాల వల్లనే వస్తుందని 2007లో తేలింది.

ప్రొజీరియా కథ వేరు. చిన్నపిల్లలు ముసలివాళ్లలా కనిపించే ఈ అరుదైన జబ్బులో తప్పు లామిన్ ఏ అనే, కేంద్రక పొర లోపలి ప్రొటీన్‌ది. బయోపోలిస్‌లో ఆలివర్ డ్రీసెన్, కొలిన్ స్టీవర్ట్ బృందాలు 2015లో, ఆ వికృత ప్రొటీన్ అయిన ప్రొజెరిన్ వల్ల లాప్2 ఆల్ఫా అనే మరో ప్రొటీన్‌కు టెలోమియర్లతో ఉండే సంబంధం తగ్గుతుందని చూపించాయి. టెలోమరేజ్ ఉన్న కణాలు ప్రొజెరిన్ దెబ్బను తట్టుకున్నాయి. కొసతో మొదలవని జబ్బు కూడా చివరకు కొస దగ్గరికి చేరిందన్నమాట.

ఇంతమాత్రాన వార్ధక్యమంతా టెలోమియర్ పనే అనుకోకూడదు. మెదడులోని నాడీకణాలు విభజన చెందవు, వాటి కొసలు విభజన వల్ల అరిగే ప్రశ్నే లేదు, అయినా అవి ముసలివవుతాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు ఎలుకల మెదడు కణాలతో ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వయసుతో పాటు ఆ కణాల్లో డీఎన్ఏ మరమ్మతు సామర్థ్యం ఎలా సన్నగిల్లుతుందన్నది ఆయన విషయం. ప్రయోగశాల ఎలుకల టెలోమియర్లు మనవాటికంటే చాలా పొడుగు, ఆయుష్షు మాత్రం రెండు మూడేళ్లు.

పొడవుకు రెండు ముఖాలు

సింగపూర్ చైనీస్ ఆరోగ్య అధ్యయనం 1993 నుంచి 1998 వరకు 63,257 మందిని చేర్చుకుంది. అందరూ 45 నుంచి 74 ఏళ్లవాళ్లు, ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలో ఉండేవాళ్లు, హొక్కియెన్ లేదా కాంటనీస్ మాట్లాడేవాళ్లు. వాళ్లేం తిన్నారో రాసుకుని, తర్వాత రక్తం తీసుకుని, ఎవరికి ఏ జబ్బు వచ్చిందో ఏళ్ల తరబడి జాతీయ రికార్డులతో సరిచూసుకుంటూ వచ్చారు. ఇల్లు మారినా దేశం చిన్నది కావడంతో మనిషి లెక్కలోంచి తప్పిపోడు. ఇలాంటి అధ్యయనానికి అంతకంటే వీలైన చోటు అరుదు.

ఈ నమూనాల ఆధారంగా రాజ్‌కుమార్ దొరాజూ తదితరులు 2019లో 23,096 మంది సింగపూర్ చైనీయుల జన్యువులను వెతికి, తెల్ల రక్తకణాల టెలోమియర్ పొడవుతో ముడిపడిన పది స్థానాలను గుర్తించారు. వాటి పరిసరాల్లో పాట్1, టిన్2 జన్యువులు ఉండడం ఆశ్చర్యం కాదు, షెల్టరిన్‌లోవే అవి. పొడుగు కొసలున్నవాళ్లలో ఊపిరితిత్తుల, శ్వాసకోశ జబ్బుల మరణాలు తక్కువ. పాట్1లో 410వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లానికి బదులు హిస్టిడిన్ వచ్చే మార్పు ఉన్నవాళ్లకు కొసలు పొట్టి.

ఇంతవరకు పొడుగుదే గెలుపు. అదే అధ్యయనంలోని సుమారు 26,500 మందిని అనుసరించి 2018లో వచ్చిన మరో పత్రం అడ్డం తిరిగింది. కొసలు అందరికంటే పొడుగ్గా ఉన్నవాళ్లకు, అందరికంటే పొట్టిగా ఉన్నవాళ్లతో పోలిస్తే, ఊపిరితిత్తుల అడినోకార్సినోమా ముప్పు రెండింతలకు మించి ఉంది. తూర్పు ఆసియాలో సిగరెట్టు ముట్టని ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే ఊపిరితిత్తుల కేన్సర్ రకం ఇదే. అంటే ఒకే ఊపిరితిత్తిలో పొట్టి కొస ఒక జబ్బుకు, పొడుగు కొస మరో జబ్బుకు దారి తీయవచ్చు. కారణం ఊహకు అందేదే. పొడుగు కొసలున్న కణం ఎక్కువ సార్లు విభజన చెందుతుంది, ప్రతి విభజనా ఒక కొత్త జన్యు పొరపాటుకు అవకాశం. 2023లో అమెరికాలో మేరీ అర్మానియోస్ బృందం పాట్1 లోపంతో అసాధారణంగా పొడుగు కొసలున్న కుటుంబాలను పరిశీలించి, వాళ్లలో రకరకాల కణితులు, రక్తకణాల్లో ఒకే వంశం పెచ్చుపెరగడం చూసింది.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒకటి గమనించాలి. ఈ సింగపూర్ లెక్కల్లో భారతీయులు లేరు. అక్కడి నివాసుల్లో మనవాళ్లందరినీ కలిపితే పదో వంతుకు లోపే. కాబట్టి ఈ అంకెలను తీసుకొచ్చి మనకు అంటగట్టడం కుదరదు.

కేన్సర్ దారి

పొట్టిబడిన కొస కణాన్ని ఆపేయడం ఒక రకంగా కేన్సర్‌కు అడ్డుకట్ట. పీ53 లాంటి కాపలా ప్రొటీన్లు పాడైన కణం ఆ అడ్డు దాటి విభజన సాగిస్తుంది. అప్పుడు కొసలు పూర్తిగా పోయి, మెక్లింటాక్ మొక్కజొన్నలో చూసిన అతుకుడు, తెగుడు చక్రం మొదలవుతుంది. చాలా కణాలు చస్తాయి. ఎక్కడో ఒకటి టెలోమరేజ్‌ను తిరిగి తెరుచుకుని, చిందరవందరైన క్రోమోజోములతోనే బతికి బట్టకడుతుంది. సుమారు 85 నుంచి 90 శాతం కేన్సర్లలో టెలోమరేజ్ ఉంటుంది. మిగిలిన వాటిలో చాలావరకు ఆల్ట్ అనే వేరే మార్గం పడతాయి, ఒక కొసను చూసి మరో కొసను నకలు తీసుకుంటాయి. ఎముక, మెదడు కణితుల్లో ఇది ఎక్కువ.

మూతబడిన టెర్ట్ ఎలా తెరుచుకుంటుంది? 2013లో మెలనోమా రోగుల్లో ఆ జన్యువు ముందున్న ప్రమోటర్ భాగంలో రెండు చోట్ల ఒక్క అక్షరం మార్పు దొరికింది. తర్వాత మెదడు, మూత్రాశయం, థైరాయిడ్, కాలేయం కేన్సర్లలోనూ అవే మార్పులు కనిపించాయి. బయోపోలిస్‌లోని అణు, కణ జీవశాస్త్ర సంస్థలో వినయ్ తెర్గావంకర్ బృందం ఈ మార్పు చేసే పనిని విప్పే ప్రయత్నం చేసింది. రెండు మార్పుల్లో ఒకదాని దగ్గరికి వాపు సంకేతాలను మోసే ఎన్ఎఫ్-కప్పాబీ కుటుంబపు ప్రొటీన్ వచ్చి చేరుతుందని 2015లో, మారిన ప్రమోటర్ చాలా దూరంలోని డీఎన్ఏ భాగంతో మెలిక వేసుకుని కలుస్తుందని 2016లో ప్రచురించింది. అంతకుముందు 2012లో ఇదే బృందం, టెలోమరేజ్ కొసలను పెంచడమే కాక ఎన్ఎఫ్-కప్పాబీతో కలిసి వాపు జన్యువులను కూడా ఎగదోస్తుందని రాసింది. దీన్ని అందరూ ఒకే తీరుగా ఒప్పుకోలేదు. కొసతో సంబంధం లేని పనులు టెర్ట్ చేస్తుందా అన్నది ఈ రంగంలో పాత తగాదా.

కాలేయ కేన్సర్ దగ్గర కథ ఆసియాకు మరీ దగ్గరిది. హెపటైటిస్ బి వైరస్ తన డీఎన్ఏను మన క్రోమోజోముల్లో చొప్పిస్తుంది. సింగపూర్ జీనోమ్ సంస్థకు చెందిన వింగ్-కిన్ సుంగ్, హాంకాంగ్, చైనా సహచరులతో కలిసి 2012లో 81 మంది వైరస్ రోగుల కాలేయ కణితులను చదివితే, వైరస్ పదే పదే చొరబడిన జన్యువుల్లో టెర్ట్ ముందు వరసలో ఉంది. అక్షరం మారనక్కరలేదు, వైరస్ వచ్చి జన్యువు పక్కన కూర్చున్నా మూత తెరుచుకుంటుంది. సింగపూర్ 1987 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ హెపటైటిస్ బి టీకా వేస్తోంది. ఆ టీకా తలపెట్టినప్పుడు టెలోమియర్ ఎవరి మనసులోనూ లేదు. అయినా మనిషి కణంలో టెర్ట్ మూత తెరుచుకోకుండా ఆపిన ప్రజారోగ్య చర్య ఏదైనా ఉందంటే ఇదే.

పరీక్షలు, మందులు

టెలోమియర్ పొడవు కొలిచి జీవ వయసు చెబుతామనే పరీక్షలు అనేక దేశాల్లో అమ్ముడుపోతున్నాయి. వీటిలో చాలావరకు వాడేది 2002లో వచ్చిన క్యూపీసీఆర్ పద్ధతి. అది కొస డీఎన్ఏ మొత్తానికీ, ఒక మామూలు జన్యువుకూ ఉన్న నిష్పత్తిని చెబుతుంది. వేలమందిని పోల్చడానికి అది చాలు, సింగపూర్ అధ్యయనాలు చేసింది అదే. ఒక్క మనిషి విషయంలో కొలత తేడాలే ఏళ్ల తరబడి తరుగుదలను మింగేస్తాయి. అన్నిటికంటే పొట్టి కొస ఏదో అది చెప్పదు. డిస్కెరటోసిస్ అనుమానమున్న రోగుల్లో రక్తకణాల రకాలను విడివిడిగా చూసే ఫ్లో-ఫిష్ పరీక్షకు మాత్రం వైద్యంలో నిజమైన స్థానం ఉంది. డబ్బు పెట్టి కొనే పరీక్షకూ, వైద్యుడు రాసే పరీక్షకూ ఉన్న తేడా ఇది.

టెలోమరేజ్‌ను కేన్సర్ మీదికే తిప్పే ఆలోచనలు పలు రకాలు. డ్యూక్-ఎన్‌యూఎస్‌లోని షాంగ్ లీ అంతకుముందు బ్లాక్‌బర్న్ ప్రయోగశాలలో ఉండగా చేసిన ఒక పని వినడానికే విచిత్రం. టెలోమరేజ్‌ను ఆపడం కాదు, దానికి తప్పుడు అచ్చు ఇవ్వడం. కేన్సర్ కణం తన కొసలో తానే తప్పు వరస రాసుకుంటే షెల్టరిన్ దాన్ని పట్టుకోలేదు, కణం పెరుగుదల రోజుల్లోనే ఆగుతుంది. ఇది ఇంకా రోగి మంచం దాకా రాలేదు.

మంచం దాకా వచ్చింది ఇమెటెల్‌స్టాట్. టెర్క్ ఆర్ఎన్ఏలోని అచ్చుకు అతుక్కుని టెలోమరేజ్‌ను అడ్డగించే ఈ మందుకు 2024 జూన్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే ఎముక మజ్జ జబ్బులో తక్కువ ముప్పు రకంతో, తరచూ రక్తం ఎక్కించుకోవలసి వచ్చే రోగుల కోసం. కొందరికి నెలల తరబడి రక్తం ఎక్కించుకునే అవసరం తప్పింది. వాడేవాళ్లలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం. అందుకే ఈ మందు మొదలుపెట్టాక వైద్యులు తరచూ రక్త పరీక్షలు చేయిస్తూ, లెక్కలు పడిపోతే మోతాదు తగ్గిస్తారు, లేదా కొన్నాళ్లు ఆపుతారు.